బూడిద దారి

లక్ష్మీకాంతం కాటేజీ ఒక దీవి మీద ఉంది. దీవి అంటే పెద్దదేం కాదు. ఒక ఇల్లు, ఒక కట్టెల షెడ్డు, నలభై యాభై పైన్ చెట్లు. చుట్టూ సరస్సు. గ్వెల్ఫ్ నుంచి ఉత్తరానికి మూడున్నర గంటలు డ్రైవ్ చేసి, కారు ఒడ్డున ఆపి, అక్కణ్ణించి వేసవిలో పడవ మీద వెళ్ళాలి. చలికాలంలో సరస్సంతా గడ్డ కట్టుకుపోతుంది కాబట్టి నడిచిపోవచ్చు. ఐదారు నిమిషాల నడక. ఈ రెండు కాలాలకీ మధ్య, మార్చి ఆఖర్న మొదలై, మూడు నాలుగు వారాలుంటాయి. అప్పుడు పడవా పనికిరాదు, కాళ్ళూ పనికిరావు. బుద్ధున్నవాడెవడూ ఆ వారాల్లో దీవి మీద ఉండడు.

ఈ ఏడు మార్చి ఇరవై ఆరున ఆ ఇంట్లో నలుగురున్నారు. ఉండాలని ఇద్దరు, ఉండక తప్పక ఇద్దరు.

ఇంటివాళ్ళు లక్ష్మీకాంతం, ఆవిడ భర్త రాజగోపాల్. ఆయన రిటైరైన మత్తు డాక్టరు. ముప్పై ఏళ్ళు ఆపరేషన్ బల్లల మీద జనాన్ని నిద్రపుచ్చాడు. ఇప్పుడు ఎవరేం చెప్పినా తలూపి, తనూ సగం నిద్రలోనే ఉంటాడు. ఆవిడ మాత్రం పూర్తిగా మెలకువతో ఉంటుంది. టొరంటోలో ఏప్రిల్ ఏడున ఒక గ్యాలరీలో ఆవిడ ఎగ్జిబిషన్ ఉంది. గోడ నిండా బొంతలు వేలాడతాయి. పక్కన అట్టముక్క మీద ఆవిడ పేరు, దాని కింద టెక్స్‌టైల్ ఆర్టిస్ట్ అని ఉంటుంది. ఆవిడకు సూదిలో దారం ఎక్కించడం రాదు. కళ్ళజోడు పెట్టుకున్నా రాదు.

కుట్టేది శాంత. జనగామ దగ్గర పుట్టింది. యాభై నాలుగేళ్ళు. పదమూడేళ్ళ కింద గ్వెల్ఫ్‌లో ఒకరింట్లో కవల పిల్లల్ని పెంచడానికి వచ్చింది. ఆ పిల్లలు పెరిగి తలుపులు ధడాల్న వేసుకునే వయసుకొచ్చాక, పచ్చళ్ళు పెట్టి, పెళ్ళిళ్ళకి వండి బతుకుతోంది. కాయితాలన్నీ ఉన్నాయి ఆమెకి. ఎవరికీ దణ్ణం పెట్టాల్సిన పని లేదు. ఆమె వచ్చింది రాధిక కోసం.

రాధిక కాకినాడ పిల్ల. ఇరవై ఏడేళ్ళు. గ్వెల్ఫ్‌లో చదివింది, ప్లాస్టిక్ భాగాలు చేసే కంపెనీలో పని చేసింది, ఆ కంపెనీ నలభై మందిని ఒక్క ఈమెయిల్‌తో తీసేసింది. ఇద్దరూ ఒకే బేస్‌మెంట్‌లో పక్కపక్క గదుల్లో అద్దెకుంటారు. రాధిక వర్క్ పర్మిట్ ఏప్రిల్ రెండో వారంలో అయిపోతుంది. పొడిగించాలంటే ఉద్యోగం ఉన్నట్టు ఒక లెటర్ కావాలి. ఆ లెటర్ లక్ష్మీకాంతం ఇస్తానంది. టైపు చేసి సొరుగులో పెట్టింది కూడా. సంతకం మాత్రం పెట్టలేదు.

"బొంతలన్నీ అయ్యాక పెడతాను. పారిపోతావనా? ఛ. ఒక పద్ధతి," అంది.

అలా ఫిబ్రవరి మొదట్లో వచ్చారు ఇద్దరూ. వచ్చిన రోజే శాంత 'మేడమ్' అంటే లక్ష్మీకాంతం నొచ్చుకుంది. "మేడమ్ ఏంటి శాంతా, అక్కా అను. మనం ఒక కుటుంబం." కుటుంబం కాబట్టి ఆదివారం సెలవు లేదు. కుటుంబం కాబట్టి వంట కూడా వీళ్ళదే. కుటుంబం అనే మాట ఎవరైనా యజమాని నోట్లోంచి వస్తే చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని లేవాలి. శాంతకు ఆ సంగతి తెలుసు. రాధికకు ఆ లెటర్ తప్ప ఇంకేం కనపడటం లేదు.

ఆరు బొంతలు అయ్యాయి. ఏడోది మిగిలింది. అదే పెద్దది, గ్యాలరీ గోడ మధ్యలో వేలాడాల్సింది. ఏడు పొరలు, అన్నీ పాత నేత చీరలు. హాల్లో సోఫాలు గోడకు తోసి, నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. బొంతకు ఒక నియమం ఉంది. పరిచాక, కుట్టు పూర్తయ్యేదాకా ఎత్తకూడదు. ఎత్తితే లోపలి పొరలు జారతాయి, ముడతలు పడతాయి, ఎన్నిసార్లు దులిపినా మళ్ళీ సరిగా కుదురుకోవు. అందుకని మనిషే బొంత చుట్టూ తిరగాలి. అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, లోపలికి, లోపలికి. వేలెడు దూరంలో వరస పక్కన వరస. శాంత కుట్లు బియ్యపు గింజంత ఉంటాయి. రాధిక కుట్లు మొదట్లో శనగ గింజలంత ఉండేవి, ఇప్పుడు పెసలంతకు దిగాయి.

"ఇంకో నెలుంటే బియ్యం దాకా వస్తవు," అనేది శాంత.

"ఇంకో నెలుంటే నా వీపు మ్యూజియంలో పెట్టాలి పిన్నీ," అనేది రాధిక.

ఆ బూడిద దారి సంగతి కూడా చెప్పాలి. అది వేసింది శాంతే.

ఫిబ్రవరిలో రాజగోపాల్ ఒడ్డుకు నడుస్తూ గడ్డ మీద జారి పడ్డాడు. తుంటి విరగలేదు గానీ వారం రోజులు మంచం మీద మూలిగాడు. శాంత గ్వెల్ఫ్‌లో తన బేస్‌మెంట్ మెట్లకు ఏం చేసేదో అదే ఇక్కడా చేసింది. పొయ్యిలోని కట్టెల బూడిద బకెట్టుకెత్తి, రేవు చెక్కల దగ్గర్నుంచి అవతలి ఒడ్డు దాకా చల్లుకుంటూ పోయింది. కాలు జారలేదు. రాజగోపాల్ కర్ర తిప్పుకుంటూ నడిచాడు. "బ్రిలియంట్ శాంతా," అన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం ఒక బకెట్టు. నెలన్నరకు తెల్లటి సరస్సు మీద ఒడ్డు నుంచి ఒడ్డుకు ఒక నల్లటి చార తేలింది. కొత్తవాడు చూసినా చెప్తాడు, నడవాల్సిన దారి ఇదేనని.

బేస్‌మెంట్ మెట్ల కింద సిమెంటు ఉంటుంది. ఇక్కడ కింద నీళ్ళున్నాయి. ఆ తేడా శాంతకు తోచలేదు. ముప్పై ఏళ్ళు పనిచేసిన డాక్టరుకూ తోచలేదు.

ఒడ్డున వాల్ట్ అనే ముసలాయన ఉంటాడు. కాటేజీల రేవులు, పడవలు చూసుకునే మనిషి. వారం కిందట అతను వచ్చి లక్ష్మీకాంతంతో బయటే నిలబడి మాట్లాడి వెళ్ళాడు. లోపలికొచ్చి ఆవిడ, "గురువారం లోపల వెళ్ళిపొమ్మంటున్నాడు. ప్రతి ఏడూ ఇదే గోల," అంది. గురువారం అంటే ఇరవై ఆరు. ఆ గురువారమే వచ్చింది.

రాత్రి చలికి గడ్డ బిగుసుకుని, మధ్యాహ్నం ఎండకు చెమర్చే రోజులవి. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. సరస్సు లోపల్నుంచి అప్పుడప్పుడు ఒక శబ్దం వస్తోంది. కడుపులో పేగు కదిలినట్టు మొదలై, చివరకు ఎక్కడో దూరంగా బరువైన తలుపు మూసినట్టు ఆగేది. మొదటిసారి విన్నప్పుడు రాధిక సూది గుచ్చుకుంది.

ఆ పొద్దున ఏడింటికి చూస్తే ఇటికరంగు దారం అయిపోయింది. ఇంకా పద్నాలుగు వరసలున్నాయి.

"నల్లదుంది, తెల్లదుంది. దాంతోని నడుపుకుందాం. సాయంత్రం దాకా కూసుంటే అయిపోతది. రేపు పొద్దుగాల గట్టిగున్నప్పుడు దాటిపోదాం," అంది శాంత.

"నో. ఇటికరంగే కావాలి. ఆ వెలిసిన ఎరుపే లుక్," అంది లక్ష్మీకాంతం. "టౌన్‌లో షాపులో ఉంది. రాధిక వెళ్ళొస్తుంది."

"షాపు ఎన్నింటికి తీస్తరు?"

"పదింటికి."

"వాల్ట్ పది దాటినంక గడ్డ మీద నడవద్దన్నడు కదా. నువ్వే చెప్పినవు."

లక్ష్మీకాంతం నవ్వింది. "వాల్ట్ మాటలు వింటే మనం కాటేజీ అమ్ముకుని వెళ్ళాలి."

రాజగోపాల్ పేపరు దించాడు. "నేను బోర్ వేసి కొలిచా కదా శాంతా. పద్దెనిమిది అంగుళాలు. దాని మీద కారు నడపొచ్చు."

"ఎప్పుడు కొలిచిండ్రు సార్?"

"ఫిబ్రవరిలో."

పద్దెనిమిది అన్నది ఆయన బుర్రలో గడ్డకట్టుకుపోయింది. సరస్సు కరిగినా ఆ అంకె కరగదు.

రాధిక అప్పటికే బూట్లు తొడుక్కుంటోంది. ఫోను చూస్తే మూడు శాతం ఛార్జి. పొయ్యి పక్కన గోడకు తగిలించి, "టెన్షన్ పడకు పిన్నీ, షాపు ముందే నిలబడతా, తియ్యగానే కొనేసి వచ్చేస్తా," అంది. గుమ్మం దగ్గర ఆగి, లక్ష్మీకాంతంతో, నవ్వుతూనే, "లెటర్ ఇవాళ సైన్ చేస్తారు కదక్కా?" అంది.

"దారం తే ముందు," అంది ఆవిడ.

ఎనిమిదింటికి రాధిక బూడిద దారిన నడిచిపోయింది. బూట్ల కింద గడ్డ కరకరలాడింది. గట్టిగానే ఉంది అప్పటికి. శాంత కిటికీ దగ్గర నిలబడి, అవతల చెట్ల కింద పిల్లను ఎక్కించుకుని వాల్ట్ ట్రక్కు కదిలేదాకా చూసింది.

పదకొండైంది. పన్నెండైంది. రాధిక రాలేదు. ఎండ మాత్రం వచ్చింది. కళ్ళు చికిలించేంత ఎండ, మార్చిలో ఎవరూ నమ్మనంత మంచి ఎండ. రాజగోపాల్ స్వెట్టర్ విప్పేసి వరండాలో కూర్చుని, "బ్యూటిఫుల్," అన్నాడు.

ఒంటిగంటకు శాంత రోజూ చేసే పని చేయబోయింది. పొద్దున బూడిద ఎత్తడం మరచిపోయింది. బకెట్టు నింపుకుని రేవు దగ్గరికి దిగింది. గుప్పెడు తీసి చల్లబోతూ ఆగింది.

దారి లేదు. అంటే చార ఉంది, నల్లగా, తిన్నగా, కానీ అది పైన లేదు. పక్క మంచు కంటే జానెడు లోతుకు దిగిపోయింది. కాలవలాగా. అందులో వేలెడు ఎత్తు నీళ్ళు నిలిచాయి. నీళ్ళ అడుగున తను నెలన్నరగా చల్లిన బూడిద, చల్లింది చల్లినట్టుగా కూర్చుని ఉంది. నల్లగా ఉన్నదేదైనా ఎండను తాగుతుంది. చిన్నప్పుడు మిరపకాయలు ఆరబోసిన నల్లరేకు మీద అరికాలు కాల్చుకున్న మనిషి ఆమె. తెలిసినదే. తెలిసినది తెలియాల్సిన చోట తెలియలేదు.

షెడ్డులోంచి గడ్డపార తెచ్చింది. రేవు చెక్కల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ముందు పక్కనున్న తెల్లమంచు మీద పొడిచింది. ఖణేల్‌మంది, చెయ్యి జలదరించింది. తర్వాత చారలో పొడిచింది. చప్పుడే లేదు. పార నానిన అటుకుల్లో దిగినట్టు దిగింది, మూడొంతులు. పైకి లాగితే గడ్డ పుల్లలు పుల్లలుగా విడిపోయి వచ్చింది. ఆ చిల్లులోంచి నల్లటి నీళ్ళు నింపాదిగా పైకి ఉబికాయి.

శాంత బకెట్టు అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తింది.

"దారి మొత్తం పుచ్చిపోయింది. పిల్ల దాని మీదికెల్లే వస్తది. వాల్ట్‌కు ఫోన్ చెయ్యండి సార్."

రాజగోపాల్ వెంటనే చేశాడు. అది మెచ్చుకోవాలి. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. రాధిక ఫోను పొయ్యి పక్కన తీరిగ్గా ఛార్జి అవుతోంది.

"అంత కంగారెందుకు," అంది లక్ష్మీకాంతం. బొంత మీద వంగి వరసలు లెక్కపెడుతోంది ఆవిడ. "రేవు దగ్గర ఎండ ఎక్కువ, అక్కడ కాస్త మెత్తబడుతుంది. మధ్యలో బాగానే ఉంటుంది."

"మధ్యల చెట్లు ఉన్నయా నీడ పడనీకి? ఒడ్డుకాడనే నీడ. పిల్లకు అటుదిక్కు గట్టిగనే తగుల్తది. గట్టిగుందని నమ్మి వస్తది. నడిమిట్ల దిగుతది. నేనే ఏసిన ఆ బూడిద. నా చేతుల్తోని ఏసిన."

"నీ తప్పేం లేదులే. వాల్ట్ అన్నాడు బూడిద వెయ్యొద్దని. కానీ వెయ్యకపోతే ఈయన మళ్ళీ జారిపడతాడు కదా."

శాంత ఆవిడ వైపు తిరిగింది.

"ఎప్పుడన్నడు?"

"ఆ రోజు వచ్చాడు కదా. గడ్డ తొందరగా పోతుంది, ఆపమని. వారంలో వెళ్ళిపోతాం కదా, ఏమవుతుందిలే అనుకున్నా."

"నాకు చెప్పలే."

"చెప్తే నువ్వు కుట్టు వదిలేసి ప్రయాణం కడతావు. నీ సంగతి నాకు తెలీదా."

రాజగోపాల్ భార్య వైపు చూశాడు. ఏదో అనబోయాడు. అనలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు.

శాంత ఆవిణ్ణి తిట్టలేదు. టైము లేదు. బయటికొచ్చేసరికి అవతలి ఒడ్డున చెట్ల మధ్య ఎర్ర జాకెట్ కదిలింది. రాధిక. ఎవరి కార్లోంచో దిగి, వాళ్ళకు చెయ్యూపి, వీపుకు బ్యాగు తగిలించుకుంది. అందులో దారం. గడ్డ మీదికి దిగి ఒకసారి కాలితో తొక్కి చూసుకుంది. నీడలో గట్టిగానే ఉంది. చార పట్టుకుని నడక మొదలుపెట్టింది.

"ఆగు బిడ్డా. ఆడ్నే ఆగు," అని శాంత అరిచింది. గొంతు గాలికి పక్కకు పోయింది. రాధిక చెయ్యెత్తి ఊపింది. పలకరింపు అనుకుంది. నడుస్తూనే ఉంది.

శాంత రెండు చేతులూ అడ్డంగా ఊపింది. కొంగు తీసి ఊపింది. రాధిక ఈసారి ఆగింది. అప్పటికి మూడో వంతు వచ్చేసింది.

"ఏమైంది పిన్నీ?" సన్నగా వినిపించింది.

"వాపస్ పో. దారి పుచ్చింది. రావద్దు."

లక్ష్మీకాంతం శాలువా కప్పుకుని రేవు మీదికొచ్చింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఆ పిల్ల నిలబడిన చోటుకీ ఇక్కడికీ దూరం కొలుచుకుంది. ఆ కొలతలో పద్నాలుగు వరసలున్నాయి, ఏప్రిల్ ఏడుంది, గోడ మధ్యలో ఖాళీ ఉంది. మనిషి ఉందో లేదో ఆవిడకే తెలియాలి.

"ఏం కాదు రాధికా, వచ్చెయ్," అని గట్టిగా పిలిచింది. ఆవిడ గొంతు పెద్దది, తెలుగు సంఘం మైకుల్లో పండింది. "ఇప్పుడు వెనక్కి వెళ్తే మళ్ళీ మూడు వారాలకు గానీ రాలేవు. దారం తెచ్చావా?"

"తెచ్చానక్కా."

"అయితే వచ్చెయ్. లెటర్ మీద సంతకం పెట్టేశా. లోపల టేబుల్ మీదుంది."

శాంత తల తిప్పి ఆవిడ వైపు చూసింది. పది నిమిషాల కింద ఆ టేబుల్ మీద కత్తెర, సూదుల డబ్బా తప్ప ఏమీ లేవు.

"పెట్టలే బిడ్డా. అబద్ధం. పో వాపస్."

"శాంతా, నోర్ముయ్యి."

రాధిక కదలకుండా నిలబడింది. ఒక ఒడ్డు నుంచి 'రా', అదే ఒడ్డు నుంచి 'రావద్దు'. రా అన్నవాళ్ళ దగ్గర కాయితముంది. వద్దన్న మనిషి దగ్గర ఏముంది? ఆ పిల్లను ఏమీ అనకండి. ఏప్రిల్ రెండో వారం నెత్తి మీద పెట్టుకుని మీరొక ఏడాది బతకండి, అప్పుడు మాట్లాడదాం. దేశంలో ఉండనిచ్చేది సంతకం. అది చేసే చెయ్యి రమ్మంటోంది.

ఒక అడుగు వేసింది. ఇంకోటి. మెల్లగా, కాలితో తడుముకుంటూ. ఎండ పడిన భాగంలోకి వచ్చేసింది. బూట్ల చుట్టూ నీళ్ళు మెరిశాయి.

అరుపులతో పనవదని శాంతకు తెలిసిపోయింది. మాటకు మాట పోటీ పడితే గెలిచేది లెటరే. కళ్ళతో చూడాలి పిల్ల.

రేవు చివర ఇనప గుంజ ఒకటుంది, పడవ కట్టేది. ఎడమ చేత్తో దాన్ని చుట్టి పట్టుకుంది. లోతెంతో ఆమెకు తెలియదు. వేసవిలో ఈ ఇల్లు చూడలేదు ఎప్పుడూ. చెప్పులైనా విప్పలేదు.

"చూడు బిడ్డా," అని అరిచి, నల్లచార మీద కాలు పెట్టింది.

నిలబడనేలేదు. గడ్డ విరిగిన చప్పుడు కూడా రాలేదు. మనిషి నిలువునా దిగిపోయింది. రొమ్ముల దాకా నల్లటి నీళ్ళు. ఊపిరి ఆగిపోయింది. చలి కాదది, చలికి ఇంకా పేరు పెట్టుకునే తీరిక ఉంటుంది. చీర కుచ్చిళ్ళు చుట్టూ పైకి తేలాయి. ఎడమ చెయ్యి గుంజను వదల్లేదు. కాళ్ళ కింద అడుగు దొరకలేదు.

అక్కణ్ణించి చారలో ఒక పగులు పరుగెత్తింది. రాధిక దాన్ని చూసింది. తన వైపే వస్తూ, సగంలో ఆగిపోయింది.

"పడుకో," అన్నారెవరో. రాజగోపాల్. వరండా నుంచి కర్ర లేకుండా దిగి వస్తున్నాడు. శాంత ఆయన గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. "రాధికా, లై డౌన్. పడుకో. పాకు. బూడిద మీద కాదు, తెల్లదాని మీదికి. వెనక్కి."

రాధిక బోర్లా పడింది. ఒక కాలు మోకాలి దాకా దిగింది. బ్యాగు అడ్డం పడుతుంటే విప్పి పడేసింది. చేతులు చాపి, పొట్ట మీద, చార నుంచి పక్కకు, తెల్లమంచు మీదికి జరిగింది. అక్కడా నమ్మలేదు. లేవలేదు. ఒడ్డు దాకా అలాగే పాకింది. ఎంతసేపో. ఆ ఎర్ర జాకెట్ చెట్ల నీడలోకి వెళ్ళి, లేచి నిలబడి, ఒక చెట్టును రెండు చేతులా పట్టుకునేదాకా శాంత గుంజ వదలకుండా చూసింది. తర్వాతే చెయ్యి జారింది.

రాజగోపాల్ ఆమె చలికోటు కాలర్ పట్టుకున్నాడు. లక్ష్మీకాంతం రెండో చెయ్యి పట్టుకుంది. పట్టుకుంది గానీ, చూపు మాత్రం సరస్సు మధ్యలో పడున్న బ్యాగు మీద ఉంది. ఇద్దరూ లాగి చెక్కల మీద పడేశారు.

ఇంట్లో పొయ్యి ముందుకు ఈడ్చుకొచ్చారు. తడి బట్టలు తీసేశారు. రాజగోపాల్‌కు పాత డాక్టరు ఎక్కడో లేచాడు. "ఏడు పొరలది అది, దాన్ని తియ్యి, కప్పు," అన్నాడు నేల మీది బొంత చూపిస్తూ.

"అది వద్దు. తడిసిపోతుంది," అంది లక్ష్మీకాంతం. గదిలోకి వెళ్ళి రెండు కంబళ్ళు తెచ్చింది.

రాజగోపాల్ ఆవిడ చేతిలోంచి కంబళ్ళు తీసుకున్నాడు. శాంతకు కప్పాడు. తన స్వెట్టర్ తెచ్చి వాటి మీద వేశాడు.

మూడింటికి వాల్ట్ ఫోను చేశాడు. రాధిక తన ఇంట్లో ఉందన్నాడు, కాలు ఎర్రబడింది గానీ బాగానే ఉందన్నాడు. తర్వాత రాజగోపాల్‌ను చాలాసేపు తిట్టాడు. ఫోను ఇవతలికి వినిపించింది. చివర్న, ఇక పడవ తిరిగేదాకా ఎవరూ కదలొద్దన్నాడు. మూడు వారాలు పట్టొచ్చు, నాలుగూ పట్టొచ్చు. ప్రాణం మీదికొస్తే హెలికాప్టర్, లేకపోతే పప్పూ బియ్యం.

లక్ష్మీకాంతం కుర్చీలో కూలబడింది. "ఏడో తారీఖు," అంది. "గ్యాలరీ వాళ్ళకి ఏం చెప్పాలి?"

సరస్సు మూలిగింది. ఈసారి దూరంగా కాదు. ఇంటి కిందే.

శాంత కంబళ్ళలోంచి లేచింది. పళ్ళు టకటకలాడుతున్నాయి. సొరుగు లాగింది. లెటర్ ఉంది. రాధిక పేరుంది, ఉద్యోగం పేరుంది, కింద గీత ఉంది. గీత మీద ఏమీ లేదు.

"సంతకం పెట్టక్కా," అంది. "ఫోటో తీసి వాల్ట్ ఫోనుకు పంపు."

"శాంతా, ముందు నువ్వు వేడెక్కు. తర్వాత మాట్లాడుకుందాం. బొంత అయ్యాక అని కదా మనం అనుకున్నది. ఇంకా పద్నాలుగు వరసలు. నల్లదారంతో అయినా కానిద్దాం. గ్యాలరీ వాళ్ళు ఒక వారం ఆగుతారేమో అడుగుతా."

"పిల్ల సచ్చిపోతుండె."

"పోలేదు కదా."

శాంత లెటర్‌ను టేబుల్ మీద పెట్టింది. దాని మీద పెన్ను పెట్టలేదు, పెన్ను ఎక్కడుందో ఆమెకు తెలియదు. కత్తెర తీసుకుంది. బొంత దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుంది. వేళ్ళు ఇంకా నీలంగానే ఉన్నాయి. నిన్న రాత్రి తను వేసిన ఆఖరి వరస వెతికింది. బియ్యపు గింజ కింద కత్తెర మొన దూర్చి తెంపింది.

"ఏం చేస్తున్నావు?"

"విప్పుతున్న."

"పిచ్చా నీకు?"

"కుట్టుడు ఎంత వస్తదో ఇదీ అంతే వస్తది నాకు. మూడు వారాలున్నది కదక్కా. తొందరేం లేదు."

ఒక వరస అయింది. దారం ముక్కలు బొంత మీద కుప్పగా పోసింది. రెండో వరస కూడా తీసింది. పై చీర అంచు లేచి, కింద పొర కనపడసాగింది. లక్ష్మీకాంతం లేచింది, కూర్చుంది. మళ్ళీ లేచి భర్త వైపు చూసింది, ఏదైనా అనమన్నట్టు. ఇంకో మనిషిని పిలవడానికి దారి లేదు. ఆపడానికి ముందుకు రావాలంటే, కత్తెర పట్టుకున్న చేతి దగ్గరికి రావాలి.

రాజగోపాల్ లేచాడు. పుస్తకాల అర మీద, ఫ్రిజ్ పైన, తన చొక్కా జేబులో, ఒక్కొక్క చోటా పెన్ను వెతకసాగాడు. భార్య మొహం చూడలేదు.

లక్ష్మీకాంతం కదల్లేదు.

శాంత మూడో వరస మొదలుపెట్టింది.